వాన పడుతుంది, గంట పడుతుంది, నిద్ర పడుతుంది: ఈ మూడూ ఒకటే మాటేనా?

ప్రశ్న (ఆదివారం బడి, డాలస్)

అందరికీ నమస్కారం. మేము డాలస్ దగ్గర ఉంటున్నాము. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం మా ఇంటి ముందు గదిలో చుట్టుపక్కల పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పుతున్నాను. నేను తెలుగు పండితురాలిని కాను. ఇంట్లో విన్నది, బడిలో చదివినది తప్ప వ్యాకరణం పెద్దగా తెలియదు కనుక, మొన్న ఎదురైన ఒక చిక్కును మీ ముందు పెడుతున్నాను.

జరగబోయే దాన్ని గురించి కొన్ని వాక్యాలు రాసి, వాటినే జరిగిపోయినట్టుగా మార్చి రమ్మని పిల్లలకు ఇంటిపని ఇచ్చాను. పదేళ్ల అమ్మాయి ఒకరు పుస్తకంలో ఎడమ పక్క "రేపు వాన పడుతుంది. బడికి వెళ్లడానికి గంట పడుతుంది. కారులో నాకు నిద్ర పడుతుంది" అని రాసింది. కుడి పక్కన "నిన్న వాన పడింది. బడికి వెళ్లడానికి గంట పడింది. కారులో నాకు నిద్ర పడింది" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి తెచ్చింది. మొదటి వాక్యం సరైనదని, మిగిలిన రెండూ "గంట పట్టింది, నిద్ర పట్టింది" అని ఉండాలని దిద్దాను. "ఇటు పక్క మూడూ పడుతుందే కదా, అటు పక్క ఎందుకు వేరయ్యాయి?" అని ఆ పిల్ల అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది. "మనం అలాగే అంటాము" అని చెప్పి ఊరుకోవడం నాకే నచ్చలేదు. ఆ అమ్మాయి తప్పు చేయలేదు, తనకు కనిపించిన సూత్రాన్ని సక్రమంగా పాటించింది.

ఆ తరువాత ఇంకొక బాబు, పట్టు పరికిణీలోని పట్టుకూ పట్టుకోవడంలోని పట్టుకూ సంబంధం ఉందా అని అడిగాడు. దానికీ నేను జవాబు చెప్పలేకపోయాను. పెద్దలు ఎవరైనా వివరంగా చెబితే వచ్చే ఆదివారం పిల్లలకు చెప్పగలుగుతాను.

జవాబు (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి)

అమ్మా, ముందుగా ఆ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి. ముప్పై నాలుగేళ్లు తెలుగు పాఠాలు చెప్పినా ఈ ప్రశ్నను ఇంత సూటిగా అడిగిన విద్యార్థి నాకు ఎదురుపడలేదు. తెలుగు నేలమీద పెరిగిన పిల్లలకు ఈ తేడా చెవుల ద్వారానే వచ్చేస్తుంది కాబట్టి వారికి అనుమానమే రాదు.

"పడు", "పట్టు" అనేవి రెండు వేరు వేరు క్రియలు. పడు అంటే పైనుంచి కిందికి రావడం, పట్టు అంటే చేతితో గాని మరో విధంగా గాని అందుకొని నిలుపుకోవడం. జరిగిపోయిన దాన్ని చెప్పేటప్పుడు ఇవి వేరుగానే ఉంటాయి: వాన పడింది, గంట పట్టింది. లేదని చెప్పేటప్పుడూ వేరుగానే ఉంటాయి: వాన పడదు, గంట పట్టదు. జరుగుతున్నదీ జరగబోయేదీ చెప్పేటప్పుడు మాత్రం రెండూ కలిసిపోయి "పడుతుంది" అనే ఒకే రూపంలో కనిపిస్తాయి.

ఎందుకు కలిశాయంటే, నేటి వాడుకలో చివర "ట్టు" ఉన్న క్రియల పక్కన తకారం వచ్చి చేరినప్పుడు ఆ "ట్టు" కాస్తా డకారంగా మారిపోతుంది. కొట్టు అనేది కొడతాడు అవుతుంది, పెట్టు పెడతాడు అవుతుంది, కట్టు కడతాడు, కుట్టు కుడతాడు, తిట్టు తిడతాడు, పుట్టు పుడతాడు అవుతాయి. కొడితే, పెడితే, కడితే అన్నప్పుడు జరిగేదీ ఇదే. ఆ వరుసలోనే పట్టు అనేది పడతాడు, పడుతుంది, పడితే అయింది. మిగిలిన వాటితో ఇబ్బంది రాలేదు, ఎందుకంటే కొడు, పెడు, కడు అనే క్రియలు మనకు లేవు. పట్టు విషయంలో మాత్రం పడు అనే మరో క్రియ అప్పటికే అక్కడ కూర్చొని ఉంది. అందుకే "చెరువులో చేపలు పడతాడు" అన్నా "చెరువులో పడతాడు" అన్నా క్రియ ఒకేలా వినిపిస్తుంది. గ్రాంథిక భాషలో "పట్టుచున్నది", "పడుచున్నది" అని రాసేవారు కనుక అక్కడ ఈ చిక్కు లేదు.

కాబట్టి మీ విద్యార్థులకు ఒక కిటుకు చెప్పండి. "పడుతుంది" అన్న మాట ఎదురైనప్పుడల్లా దాన్ని కాదనిపించి చూడమనండి. పడదు అని వస్తే అది పడు, పట్టదు అని వస్తే అది పట్టు. నిద్ర పట్టదు అంటాము కాబట్టి నిద్ర పట్టింది అనాలి. పిల్లలకు "పడదు, పట్టదు" అనే రూపాలు ఇంట్లో వినీ వినీ అలవాటై ఉంటాయి, అందువల్ల ఈ పరీక్ష వారికి సులువుగా అందుతుంది.

తరగతిలో ఉపయోగపడే జంటలు మరికొన్ని చెబుతాను. "నాకు వంకాయ పడదు" అంటే తింటే ఒంటికి సరిపడదని అర్థం, "నాకు ఆ గొడవ పట్టదు" అంటే దానితో నాకు నిమిత్తం లేదని అర్థం. "చీర మీద రంగు పడింది" అంటే చీర పాడైందన్న బాధ, "నూలుకు రంగు పట్టింది" అంటే అద్దకం కుదిరిందన్న సంతోషం. "దొంగ పట్టుబడ్డాడు" అంటే దొరికిపోయాడని, "పిల్లవాడు పట్టుబట్టాడు" అంటే మొండికేశాడని. ఈ రెండింటినీ జరగబోయేదిగా మార్చి చూడండి. రెండూ "పట్టుబడతాడు" అనే అవుతాయి, అక్కడ సందర్భం ఒక్కటే మనకు దారి చూపాలి.

ఇంకొక మాట. పైన నేను మూడు చోట్ల "కాబట్టి" అని వాడాను. అందులో ఉన్నదీ మన పట్టే. కాన్ అనే దానికి పట్టి చేరితే, ముందున్న నకారం వల్ల పకారం బకారంగా మారి "కాబట్టి" అయింది. "దాన్ని బట్టి" అన్నప్పటి బట్టి కూడా పట్టి అనే మాటే, ఆ విషయాన్ని పట్టుకొని ఆలోచిస్తే అని దాని అసలు భావం. "పెద్దల పట్ల గౌరవం" అన్నప్పటి పట్ల కూడా ఇదే మాట నుంచి వచ్చింది. మరో వైపున "చెప్పబడింది, రాయబడింది" అన్నప్పుడు చివర ఉన్నది పడు.

పడు, పట్టు అనేవి ఆడు, ఆట లాగా ఒకే మూలం నుంచి వచ్చిన జంట అయి ఉంటాయని నా అభిప్రాయం. పట్టుచీరలోని పట్టు సంస్కృతంలోని పట్ట శబ్దం నుంచి వచ్చినది, దానికి ఈ క్రియతో సంబంధం లేదు.

జవాబు (సిద్దిపేట)

మాస్టారు గారు వ్యాకరణం చాలా చక్కగా చెప్పారు. నేను ఇంట్లో వినే మాటల నుంచి కొన్ని చేర్చాలనుకుంటున్నాను, ఎందుకంటే ఈ మాట అసలు సంపద అంతా వంటింట్లోనూ పొలంలోనూ ఉందని నా నమ్మకం.

మా నానమ్మ "గిర్నికి వోయి జొన్నలు పట్టించుకరా" అని పంపేది. పిండి మరను మా దగ్గర గిర్ని అంటాము. అక్కడ పిండి పట్టించడం అంటే విసిరించడం. అదే మాటతో తలకు నూనె పట్టిస్తాము, అంటే నూనె మాడుకు ఇంకేలా మర్దన చేస్తాము. ఎదుటివారి కష్టాన్ని మనసుకు తెచ్చుకుంటే పట్టించుకోవడం అంటాము. మబ్బు పడుతుంది, ఇనుముకు తుప్పు పడుతుంది, గింజలకు పురుగు పడుతుంది, గోడకు పాచి పడుతుంది, ఒంటికి చెమట పడుతుంది. మాస్టారు గారి పరీక్ష పెట్టి చూస్తే ఇవన్నీ "పట్టదు" అనే రూపంలోకే వెళ్తాయి. వీటిలో దేనికీ చేతులు లేవు, అయినా ప్రతి ఒక్కటీ వచ్చి అంటుకొని వదలకుండా ఉంటుంది. మన వాళ్లు దాన్ని పట్టుగా చూశారు.

నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ మామిడికాయ తొక్కు. తొక్కు కలిపిన మూడో రోజు నానమ్మ జాడీ మూతకు కట్టిన గుడ్డ విప్పి, పొడి చేతితో అడుగు నుంచి పైకి కలిపి, ఒక ముక్క తీసి కొరికి, కొంచెంసేపు ఏమీ మాట్లాడకుండా నమిలేది. మేము చుట్టూ నిలబడి ఆమె నోటి వైపే చూసేవాళ్లము. "ముక్కకు ఉప్పు పట్టింది" అన్నదంటే ఆ ఏడాదికి తొక్కు కుదిరినట్టు. ఉప్పు అందులో పడింది మొదటి రోజునే, పట్టింది మాత్రం మూడో రోజున. ఈ రెండు క్రియల మధ్య దూరం పిల్లలకు చూపించడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు తోచడం లేదు.

మరొక సంగతి కూడా గమనించాను. మనసుకు సంబంధించిన మాటల్లో ఈ రెండు క్రియలూ చెరొక వైపు నిలబడతాయి. "భయపడ్డాడు" అంటే మనిషి వెళ్లి భయంలో పడ్డాడు, "భయం పట్టుకుంది" అంటే భయమే వచ్చి మనిషిని పట్టుకుంది. మా వైపు దిగులును రంది అంటాము. "రంది పడకు బిడ్డా" అని ఓదారుస్తాము, ఎందుకంటే పడకుండా ఉండడం కొంతవరకైనా ఆ మనిషి చేతిలో ఉంది. "వానికి రంది పట్టుకున్నది" అన్నప్పుడు మాత్రం ఆ మనిషిని తప్పుపట్టము. జబ్బు పడ్డాడు, జలుబు పట్టింది అనే మాటల్లోనూ ఇదే తేడా ఉన్నదని నాకు అనిపిస్తుంది.

జవాబు (హోసూరు)

మాది తమిళనాడులోని హోసూరు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళం చదువుకున్నవాణ్ని. మీరు అడిగిన రెండో ప్రశ్నకూ, మాస్టారు గారు చివర వ్యక్తం చేసిన అభిప్రాయానికీ తమిళం వైపు నుంచి చెప్పగలిగినది కొంత ఉంది.

తెలుగులో ఒకేలా వినిపించే ఈ మాటలు తమిళంలో మూడుగా విడిపోయి ఉన్నాయి. పట్టువస్త్రాన్ని తమిళంలోనూ "పట్టు" అనే అంటారు. కాని పట్టుకోవడం అనే అర్థం ఉన్న మాటను శకటరేఫం (బండి ఱ) రెండుసార్లు వేసి రాస్తారు, అది "పట్రు" అని వినిపిస్తుంది. పడడం, కలగడం మొదలైన అర్థాలున్న క్రియ "పడు". అంటే మన పట్టుకోవడంలోని "ట్ట" మొదట ఈ ధ్వని కాదు. ఈ భాషలన్నిటికీ తల్లి అయిన మూల ద్రావిడంలో ఉండిన ఆ జంట ధ్వని తమిళంలో ఒకలా నిలిచింది, తెలుగులో "ట్ట"గా మారింది. ఇది ఈ ఒక్క మాటకే పరిమితం కాదు. మన పుట్ట తమిళంలో "పుట్రు", మన చుట్టు తమిళంలో "చుట్రు", మన చుట్టం తమిళంలో "చుట్రం". భాషా శాస్త్రవేత్తలు బరో, ఎమెనో 1961లో వెలువరించి 1984లో సవరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో తెలుగు పట్టును తమిళ పట్రుతోనే కలిపి చూపారు. పడు అక్కడ వేరే పదంగా ఉంది. అందువల్ల పడు, పట్టు ఆడు, ఆట లాంటి జంట కావని సవినయంగా మనవి చేస్తున్నాను మాస్టారూ. ఆ రెండూ వేరు ఊళ్ల నుంచి వచ్చి, తెలుగులో ఒకే వీధిలో ఇళ్లు కట్టుకున్నాయి.

మీరు చెప్పిన "బట్టి"కి తోబుట్టువు కూడా తమిళంలో ఉంది. ఒక విషయం గురించి అని చెప్పడానికి తమిళులు "పట్రి" అంటారు. మనం "దాన్ని బట్టి" అన్నా, వారు "దాన్ని పట్రి" అనే అర్థంలో మాట్లాడినా, విషయాన్ని చేతితో పట్టుకోవడమనే భావమే రెండు చోట్లా కనిపిస్తుంది. మమకారాన్ని వారు "పట్రు" అంటారు, మన "పట్ల" దానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

ఇక పట్టు పరికిణీ సంగతి. మా ప్రాంతంలో పట్టుపురుగుల పెంపకం ఎక్కువ. మా తాతగారి ఇంట్లో ఒక గది అంతా తట్టలే ఉండేవి. పురుగు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. ఆ సమయంలో ఆకు ముట్టకుండా తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది కనుక పెంచేవారు దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం తీరాక పురుగుకు పట్టే ఆకలి చూసి తీరాలి. రాత్రి గదిలో దీపం ఆర్పి పడుకుంటే, వేలాది పురుగులు మల్బరీ ఆకు కొరికే చప్పుడు పెంకుల మీద వాన పడుతున్నట్టు వినిపించేది. చిన్నతనంలో నేను నిజంగానే వాన అనుకొని లేచి వాకిట్లోకి వెళ్లి చూసేవాణ్ని. పండిన పురుగులను ఏరి చంద్రికలనే వెదురు తడకల మీద వేస్తే రెండు మూడు రోజుల్లో గూడు అల్లేస్తాయి. ఒక్కొక్క గూటిలో ఉండేది తెగకుండా వచ్చే ఒకే పోగు, అది చాలాసార్లు వెయ్యి మీటర్ల వరకూ ఉంటుంది.

ఆ బాబుకు, పట్టుకోవడంలోని పట్టుకూ పరికిణీలోని పట్టుకూ చుట్టరికం లేదని, పలకడంలో మాత్రమే కలిశాయని చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న ఆదివారం మాస్టారు గారి పరీక్షతోనే పాఠం మొదలుపెట్టాను. ఒకరు "పడుతుంది" అన్న వాక్యం చెప్పడం, మిగిలినవారు "పడదు" అనో "పట్టదు" అనో అరవడం, ఇలా ముప్పావు గంట సాగింది. ఆ అమ్మాయి తన పుస్తకంలో కుడి పక్కనున్న వాక్యాలను తనే కొట్టివేసి తిరిగి రాసుకుంది. ఉప్పు ముక్క గురించి చెప్పినప్పుడు ఇద్దరు పిల్లలు తమ అమ్మమ్మ ఊరగాయ గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు కలపకుండా అంతసేపు మాట్లాడడం వారి నోట నేను మొదటిసారి విన్నాను.

ఒక చోట మాత్రం తరగతి రెండుగా చీలింది. "ఈ సీసాలో లీటరు నీళ్లు పడతాయి" అన్న వాక్యానికి సగం మంది పడవు అన్నారు, సగం మంది పట్టవు అన్నారు. నీళ్లు సీసాలోకి పడుతున్నాయి కదా అని మొదటివారి వాదన. నాకు పట్టవు అన్నదే సరిగ్గా తోచింది, కాని కారణం చెప్పలేకపోయాను. మళ్లీ మీ సాయం కోరుతున్నాను.

జవాబు (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి)

ముందుగా హోసూరు మిత్రులకు నా కృతజ్ఞతలు. తమిళ రూపాలు చూశాక నా ఊహ తప్పని ఒప్పుకుంటున్నాను. ఇన్నేళ్లూ తరగతిలో అలాగే చెప్పానన్న బాధ ఉంది గాని, ఇప్పటికైనా సరిదిద్దుకునే అవకాశం దొరికింది.

అమ్మా, మీ చెవి సరిగానే చెప్పింది. ఇమడడం, చాలినంత చోటు ఉండడం అనే అర్థంలో వాడేది పట్టు. "ఈ సంచిలో బియ్యం పట్టవు", "నిరుటి చొక్కా ఈ ఏడు వాడికి పట్టడం లేదు", "ఆ గదిలో పది మంది పట్టారు" అంటాము. ఇక్కడ సీసా నీళ్లను పట్టి ఉంచుతుందన్నది భావం, నీళ్లు కిందికి రావడం మన దృష్టిలో లేదు. అయితే పడవు అన్న పిల్లలు పూర్తిగా పొరపడ్డారని అనకండి. "పంపు తిప్పినా సీసాలో నీళ్లు పడలేదు" అన్న వాక్యంలో వారి మాటే సరైనది, అక్కడ చెబుతున్నది నీళ్లు రాలేదన్న సంగతి. ఒక ఖాళీ సీసా, ఒక చెంబు నీళ్లు తరగతికి తీసుకువెళ్లి, మొదట కొన్ని చుక్కలు పోసి "పడ్డాయి" అనిపించండి. తరువాత అంచుదాకా నింపి, మిగిలిన నీళ్లు చెంబులోనే చూపించి "ఇవి పట్టలేదు" అనిపించండి.